పెరటితోటలో అడవినాభి పెంపకము

వర్షకాలమున కంపకంచెలపై నిప్పురవ్వలవలె పూయు అడవినాభి తీగను రైతులు ఎఱిగియే యుందురు. దీనికి అగ్నిశిఖ యనియు, కలప్పగడ్డ యనియు పేర్లు కలవు. గడ్డ నాగలివలె రెండు కొమ్ములుగా చీలియుండుటచే సంస్కృతమున లాంగలి యనిరి. కీళ్లవాతమునకు వాడు కోల్చిసీన్ అను మందు దీని విత్తనములనుండి లభించును గనుక తమిళనాడులో దీనిని పొలములయందే సాగు చేయుచున్నారు. పెరటిలో పూలకొఱకు పెంచుట సులభమే. అయితే ఇది విషపుమొక్క యని తెలిసి పెంచవలెను.

నీరు నిలువని ఎఱ్ఱ ఇసుకనేల దీనికి తగినది. నల్లరేగడి యైనచో ఇసుకయు పశువులయెరువును కలిపి కట్ట పోసి దానిపై నాటవలెను. మృగశిర, ఆరుద్ర కార్తెలు నాటుటకు అనువైనవి. సుమారు 5 తులముల (60 గ్రాముల) బరువుగల గడ్డలను ఏరి, 2, 3 అంగుళముల లోతున అడ్డముగా పరుండబెట్టి, అడుగున్నర యెడముంచి నాటవలెను. మొలకకన్ను కొమ్ము కొనయందే యుండును. అది విరిగినచో ఆ కొమ్ము మొలవదు. బేరమునకు గడ్డలు కొనువారు బరువుకంటె ముందు ఈ కొనను చూచుట మేలు. ఆకుకొనలే నులితీగలై పట్టుకొని ప్రాకును గావున సన్నని కంప నిలిపిన చాలును. లావు గుంజలను అవి చుట్టలేవు.

నల్లని యొడలిపై ఎఱ్ఱ, తెల్ల మచ్చలుగల గొంగళిపురుగులు ఆకులను తినివేయును. ఉదయముననే ఏరి చంపవలెను. పువ్వు మొదట ఆకుపచ్చగా విచ్చి, పసుపై, తుదకు ఎఱ్ఱనగును. కీలము ప్రక్కకు వంగియుండుటచే పుప్పొడి దానిపై సరిగా పడదు. విత్తనము కోరువారు చేతితో అంటింపవలెను.

తీగ యెండినపిమ్మట నీరు కట్టరాదు, గడ్డ కుళ్లును. త్రవ్వి నీడను ఆరబెట్టి పొడియిసుకలో దాచవలెను.

ఈ గడ్డలను మొరంగడ్డలు, కందలు నిలువచేయు చోట ఎన్నడును ఉంచరాదు. మొరంగడ్డ యని భ్రమించి వండుకొని తిని మరణించినవారు కలరు. మొక్క యంతయు విషమే, గడ్డ మఱింత. నాటినపిదప చేతులు కడుగుకొనవలెను. పిల్లలును పశువులును చేరని మూలనే నాటవలెను. తిన్న కొన్ని గంటలకు గాని వాంతులు, విరేచనములు మొదలుకావు. దీనికి నికరమైన విరుగుడు లేదు. అందుచే అనుమానము కలిగినతోడనే, రోగి కులాసాగా నున్నను, ఆసుపత్రికి కొనిపోయి, తిన్న గడ్డ ముక్కను వైద్యునకు చూపవలెను.