ఓర్పు నీకు, వెసులుబాటు నీ జట్టుకు

వనపర్తి

చిరంజీవి బిడ్డకు,


నీ మెయిల్ తీరిగ్గా చదివాను. కంపెనీలో ఇంజనీరింగ్ మొత్తం నీ చేతికిచ్చారన్న కబురు మీ అమ్మ ముందే చెప్పి మురిసిపోయింది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పూర్తి చేశావు. ఇప్పుడు సైకిలు మీద 600 కిలోమీటర్ల బ్రెవేకు సిద్ధమవుతున్నావు. మన ఇంటి ఆడపిల్ల ఇంత దూరం వచ్చిందంటే నాకు గర్వంగానే ఉంది. కాకపోతే మెయిల్ చివర్లో ఒక మాట రాశావు: "మా టీమ్‌కు ఓపిక తక్కువ మామా, వీళ్ళు ఇంకా గట్టిపడాలి." ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందుగా నీ ఆట గురించి. ఇది మంచి వ్యసనం, మానొద్దు. బ్రెవే నియమాలు చదివితే నాకు ముచ్చటేసింది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు. నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే సుమారు 1200 కిలోమీటర్లు, 90 గంటలు. ఎవరు ముందొచ్చారన్న లెక్కే లేదు, గడువులోపల వచ్చినవాళ్ళందరూ గెలిచినట్టే. దారిలో వెనక కారు పెట్టుకుని రావడానికి వీల్లేదు, అర్ధరాత్రి పంక్చరైతే నీ చేతులతో నువ్వే వేసుకోవాలి. ఇలాంటి ఆట ఆడే మనిషి తొందరపడడు, మొదటి గంటలో ఎవరో దాటిపోయారని ఉడుక్కోడు, ఆకలి కాకముందే తింటాడు. కంపెనీ నడిపేవాళ్ళకు ఈ గుణాలన్నీ అక్కరకొస్తాయి.

అయితే ఈ ఆట నీకు చెప్పనిది ఒకటుంది. ఆ కష్టం నువ్వు కోరుకున్నది. ఫీజు కట్టి, పేరు రాయించుకుని, వద్దనుకుంటే దారి మధ్య ఏ కంట్రోల్ పాయింటు దగ్గరైనా దిగిపోయే స్వేచ్ఛతో పడుతున్న కష్టం. నీ టీమ్‌లో పిల్లలు నీ పందేనికి పేరివ్వలేదు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ వచ్చిపోయే పిల్లాడు, పసిబిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చే తల్లి జీతానికి వచ్చారు. నువ్వు ఎంత నొప్పి భరించగలవో అదే కొలతతో వాళ్ళను కొలిస్తే, వాళ్ళు నీకు బలహీనులుగానే కనబడతారు.

ఈ సంగతి నాకు ఎక్కడ తెలిసిందో చెప్తాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న వేరువేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అంతా మహబూబ్‌నగరే, బయటి ప్రపంచానికి పాలమూరు. పాలమూరంటే దేశంలో పెద్ద పెద్ద ప్రాజెక్టుల సైట్లలో ఒకటే అర్థం: కూలీ. కృష్ణా, తుంగభద్ర రెండూ మన పక్కనుంచే పారినా పొలాలు ఎండేవి. పండగ వెళ్ళగానే గుంపు మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మూట కట్టుకుని నెలల తరబడి పోయేవాళ్ళు, పిల్లలు సైటు గుడారాల్లో పెరిగేవాళ్ళు. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. మనవాళ్ళు ఓర్చినంత ఓర్చారు, తేటనీరు మాత్రం వాళ్ళు కట్టిన కాలువల కింద ఇంకెవరి ఊళ్ళకో పోయింది.

నీటిపారుదల శాఖలో నా ఉద్యోగమంతా ఈ మనుషుల మధ్యే గడిచింది. కాంక్రీటు పోత మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పాతదానికీ కొత్తదానికీ మధ్య కోల్డ్ జాయింట్ పడుతుంది, రేపు నీరు కారేది అక్కడే. అందుకని రాత్రంతా పోత నడిచేది. తట్టలు చేతులు మారుతూ వరుసగా పోతుంటే చూడ్డానికి తాళం వేసినట్టుండేది. అర్ధరాత్రి దాటాక ఆ తాళం తప్పేది. తట్ట అందుకునే చేయి ఒక క్షణం ఆలస్యమయ్యేది, పలక మీద కాలు జారేది. వైబ్రేటర్ పట్టుకున్నవాడు నిద్రమత్తులో సూదిని తొందరగా లాగేసేవాడు. ఆ తప్పు అప్పుడు ఎవరికీ కనపడదు. సెంట్రింగ్ విప్పినరోజు గోడలో కంకర తేలి, లోపల బొక్కలు పడి ఉండేవి. "పాలమూరోళ్ళకు అలుపుండదు సార్" అని కాంట్రాక్టర్లు నా ముందే మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పుతోనే ఇంకో రెండు గంటలు పిండేవాళ్ళు.

ఒక మేస్త్రీ మాత్రం వేరేగా ఉండేవాడు. రాత్రి పోత ఉందంటే సగం గుంపును సాయంత్రమే తిండి పెట్టి పడుకోబెట్టేవాడు. నిద్రపోయేవాళ్ళకు కూలి ఎందుకని కాంట్రాక్టర్ గొణిగినా లెక్కచేసేవాడు కాదు. పనిలో ఉన్న సగం బాగా చేస్తుండగానే, ఇంకా ఊపిరి ఉండగానే దింపేసి రెండో సగాన్ని ఎక్కించేవాడు. "అలిసినంక మారిస్తే ఏం లాభం సారూ, అప్పటికే పని చెడుతది" అనేవాడు. అతని గుంపు పోసిన గోడకు సెంట్రింగ్ విప్పినప్పుడు అతుకులు వేయాల్సిన పని పడేది కాదు. మనుషుల చేత పని చేయించడం గురించి నాకు తెలిసిన మంచి మాటల్లో సగం అతని దగ్గర విన్నవే.

మీ పని కాంక్రీటు కాదు, నిజమే. కానీ రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో రాసిన కోడ్‌లోనూ తప్పు అప్పుడు కనపడదు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక, కస్టమర్ డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాక కనపడుతుంది. మీ రంగంలో పెద్దలు ఇది ఎప్పుడో గుర్తించారు. ఐబీఎంలో ఓఎస్/360 పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, వెనకబడ్డ ప్రాజెక్టులో కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా వెనకబడుతుందని 1975లోనే పుస్తకం రాశాడు. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి పాతవాళ్ళ సమయమే పోతుంది కదా. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో పదిహేడుగురు కూర్చుని ఎజైల్ ప్రకటన రాసుకున్నప్పుడు, దానికి జోడించిన సూత్రాల్లో ఒకటి ఎంతకాలమైనా సాగించగలిగే నిలకడ వేగం గురించే. మీ ఆఫీసులో రోజూ స్టాండప్ పెడతారు, స్ప్రింట్లు లెక్కపెడతారు. ఆ సూత్రం మాత్రం ఎవరికీ గుర్తుండదు. గడువు ముంచుకొచ్చినప్పుడు నిజంగా నీ చేతిలో ఉన్న దారులు రెండే: పని తగ్గించడం, తేదీ జరపడం. ఆ మాట పైవాళ్ళకు చెప్పే ధైర్యం కోసమే నీకు ఆ కుర్చీ ఇచ్చారు. పైకి చెప్పలేక కిందివాళ్ళ నిద్ర కోస్తే అది నాయకత్వం కాదు బిడ్డా, గుంపు మేస్త్రీతనం.

కాబట్టి కొన్ని పనులు చెప్తాను, చెయ్యి.

నువ్వు నాలుగున్నరకే లేచి పరిగెత్తుతావు. పరుగు నుంచి రాగానే తట్టిన ఆలోచనలన్నీ గ్రూపులో పెట్టకు. రాసి ఉంచుకో, పదింటికి వెళ్ళేలా షెడ్యూల్ చెయ్యి. జవాబు ఇప్పుడే అక్కర్లేదని నువ్వనుకున్నా, బాస్ దగ్గర నుంచి తెల్లారేసరికి మెసేజ్ వస్తే చిన్న ఉద్యోగి గుండె అదురుతుంది.

ఆన్‌కాల్‌కు పట్టిక రాయించు, రాత్రి సిస్టమ్ చెడితే లేచి చూసే వంతు ఎవరిదో తెలిసేలా. ఒకరు ముందు, ఒకరు తోడు. రాత్రి లేచి పనిచేసినవాళ్ళకు మర్నాడు సెలవు, అడగకుండానే. ఒకే కారణంతో అలర్ట్ మళ్ళీ మళ్ళీ మోగుతుంటే కొత్త ఫీచర్ పక్కన పెట్టించి ముందు ఆ కారణాన్ని సరిచేయించు. రాత్రంతా కూర్చుని సర్వర్‌ను నిలబెట్టినవాణ్ణి అందరి ముందూ మెచ్చుకుంటావు కదా, ఎవరినీ రాత్రి లేపాల్సిన అవసరం రాకుండా పని చేసిన అమ్మాయిని కూడా అదే సభలో మెచ్చుకో. ఏది మెచ్చుకుంటే అదే పెరుగుతుంది.

నిజంగా ఓర్పు కావాల్సిన రోజులూ వస్తాయి. సిస్టమ్ మొత్తం పడిపోయిన రాత్రి, ప్రాణం మీదికొచ్చిన రిలీజ్. ఆ రోజున అడుగు, నువ్వూ పక్కనే కూర్చో, తర్వాత ఆ విశ్రాంతి అప్పు తీర్చు. ప్రతి వారమూ ఆ రోజే వస్తోందంటే మాత్రం లోపం మీ ప్లానింగ్‌లో ఉంది, పిల్లల్లో లేదు.

గట్టిపరచడమే తప్పని నేను అనను. దానికి పద్ధతి ఉంది. మన గద్వాల జిల్లా ఆలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు నిజామాబాద్ పల్లె నుంచి వచ్చిన మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో. ఆ పిల్లను నేరుగా హిమాలయానికి తోలలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లదాఖ్ చలి. ఒక మెట్టు ఒంటికి పట్టాకే ఇంకో మెట్టు. కొత్తగా చేరిన పిల్లలను అలాగే నడిపించు: చిన్న బగ్, చిన్న ఫీచర్, ఒక సర్వీసు బాధ్యత, సీనియర్ తోడుగా ఆన్‌కాల్, చివరికి ఒంటరిగా. నీ శిక్షణలోనూ అంతే కదా, కండరం గట్టిపడేది పరిగెత్తినప్పుడు కాదు, పరిగెత్తాక పడుకున్నప్పుడు.

ఇక నీ ఒంటి సంగతి. షేర్ల బ్రోకరేజి కంపెనీ జెరోధా స్థాపకుడు నితిన్ కామత్ ఎంత శ్రద్ధగా వ్యాయామం చేస్తాడో నీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో ఆయన తనకు కొద్దివారాల ముందు స్వల్పంగా స్ట్రోక్ వచ్చిందని బయటపెట్టాడు. తండ్రి మరణం, సరైన నిద్ర లేకపోవడం, అలసట, ఒంట్లో నీరు తగ్గడం, అతిగా వ్యాయామం చేయడం, వీటిలో ఏవైనా కారణం కావచ్చని ఆయనే రాశాడు. వ్యాయామం చేసే ఒళ్ళు కదా అని నిద్రకు మినహాయింపు దొరకదు. మారథాన్ ముందు రెండు మూడు వారాలు మైలేజీ తగ్గిస్తావు, ఆ వారాల్లో పెద్ద రిలీజ్ పెట్టుకోకు. ఆఫీసులో మూడు రాత్రులు చెడితే ఆ ఆదివారం లాంగ్ రన్ వదిలెయ్యి. ఏడాదికోసారి గుండె డాక్టరుకు చూపించుకో. శ్రీశైలం ఘాటు మీద సాధన చేస్తానన్నావు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, ఆ పైన అమ్రాబాద్ పులుల అడవి. తెల్లారాకే ఎక్కు, ఒంటరిగా పోకు, దోమలపెంట దాటాక దిగుడు మలుపుల్లో బ్రేకు మీద చెయ్యి తియ్యకు.

ఇంకొక్క మాట, లెక్కల గురించి. మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్న కూలీకి తన పద్దు ఎప్పుడూ తెలిసేది కాదు. ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నీ మేస్త్రీ పుస్తకంలోనే. మీ స్టార్టప్‌లో జీతం కొంచెం తగ్గించి ఈసాప్స్, అంటే కంపెనీ వాటాల హక్కులు, ఇస్తున్నారన్నావు. మామూలుగా అవి పూర్తిగా చేతికి రావడానికి (వెస్టింగ్) నాలుగేళ్ళు, ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు. కంపెనీ అమ్ముడుపోయినా, లిస్టయినా, వాటాలు తిరిగి కొన్నా తప్ప ఆ కాగితం డబ్బు కాదు. మొదటి తరం ఉద్యోగస్థులకు, వాళ్ళ నాన్నలకు కూడా అర్థమయ్యే తెలుగులో ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పు. కంపెనీ చేతిలో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో దాచకు. పద్దు తెలిసిన మనిషి ఓర్చుకుంటే అది అతని ఇష్టం. తెలియనివ్వకుండా ఓర్చుకోమంటే అది దోపిడీ.

దసరాకు రా. ఇక్కడ రాజావారి భవనంలో నడిచే కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌లో చదువుతున్న పిల్లలతో ఒక పూట మాట్లాడిస్తాను. నీ కంపెనీలో ఇంటర్న్‌లుగా పనికొచ్చేవాళ్ళు కనపడతారు. మర్నాడు బీచుపల్లి నుంచి జూరాల కట్ట మీదుగా గద్వాల దాకా సైకిలు తొక్కుదువు, నేను బండి మీద వస్తాను.

వచ్చేలోపు మీ ఆన్‌కాల్ పట్టిక, గడిచిన మూడు నెలలది, నాకు పంపు. మీ కోడ్ నాకు అర్థం కాదు, కానీ మస్టర్ రోల్ చదవడం నాకు బాగా వచ్చు. ఏ పేరు ఎక్కువసార్లు కనపడుతోందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను. ఆ మనిషికి ముందు సెలవిచ్చి, ఆ తర్వాతే మిగతా సంస్కరణలు మొదలుపెట్టు.

ఆయురారోగ్యాలతో ఉండాలి.

దీవెనలతో,
మీ మామ