మెల్‌బోర్న్‌లో టెలిస్కోప్ కొనబోతున్న మేనకోడలికి



నువ్వు పంపిన ఫొటో చూశాను. డబ్బా మీద శనిగ్రహం బొమ్మ, పక్కన పెద్దక్షరాలతో ‘525 రెట్లు’. అది మాత్రం కొనకు తల్లీ. ఆ 525 ఎలా వచ్చిందో నువ్వే లెక్క కట్టి చూడు. గొట్టం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లని కిందే రాసి ఉంది. దాన్ని కన్ను ఆనించి చూసే 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175. డబ్బాలో బార్లో అని ఇంకో బుల్లి గొట్టం ఇస్తారు, అది దాన్ని మూడింతలు చేస్తుంది. అయింది 525. లెక్క సరైనదే. కానీ ముందున్న కటకం వ్యాసం 60 మిల్లీమీటర్లే! కటకం ఎంత మంచిదైనా మిల్లీమీటరుకు రెండు రెట్ల లెక్కన, అంటే 120 దాకానే పనికొస్తుంది. అంతకు మించి పెంచితే బొమ్మ అలుక్కుపోతుంది తప్ప కొత్తగా ఏమీ కనబడదు. పైగా ఆ సన్నకాళ్ల స్టాండు, ఫోకస్ తిప్పడానికి వేలు ఆనిస్తే చాలు, వణికిపోతుంది. ఆ వణుకూ అన్ని రెట్లు పెరిగి కనబడుతుంది. మొదటి రాత్రి అలాంటిదాంట్లో చూసి, ఆకాశమే తమకు అబ్బదనుకుని వదిలేసిన పిల్లలున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే.

కాబట్టి కొట్లో మొదట అడగాల్సింది వెలుగు పట్టే కటకమో అద్దమో, దాని వ్యాసం ఎంత అని. 60 మిల్లీమీటర్ల కటకంతో పోలిస్తే 150 మిల్లీమీటర్ల అద్దం దాదాపు ఆరు రెట్ల వెలుగు పోగుచేస్తుంది. మన పని అంతా వెలుగుతోనే. రెండోది, అది దేనిమీద కూర్చుంటుందన్నది. నీకు నేను చెప్పేది డాబ్సోనియన్. చెక్క పీట మీద అద్దం గొట్టం, చేత్తో పైకీ కిందకీ, పక్కలకీ తోసుకోవడమే. మోటార్లుండవు, కాళ్లుండవు. డబ్బంతా అద్దంలోకే పోతుంది.

దీనికి పేరొచ్చింది జాన్ డాబ్సన్ వల్ల. ఆయన 1915లో బీజింగ్‌లో పుట్టి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత సొసైటీ మఠంలో చేరాడు. చేతిలో డబ్బు లేని సన్యాసి. పాత ఓడల కిటికీ అద్దాలు సానబట్టి, అట్ట గొట్టాల్లో బిగించి టెలిస్కోపులు చేశాడు. 1967లో మఠం విడిచాక, వాటిని వీధి మలుపుల్లో నిలబెట్టి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చందమామను చూపించాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ఇక నీ ఆకాశం సంగతి. ఇక్కడ మన డాబా మీద నేర్చుకున్నది అక్కడ సగం పనికిరాదు. ధ్రువ నక్షత్రం ఉండదు. పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి అక్కడ ఉదయించనే ఉదయించదు. మృగశిర తలకిందులుగా వేలాడుతుంది. కానీ మనం ఎండాకాలం రాత్రుల్లో దక్షిణాన కొబ్బరిచెట్ల మీదుగా వెతుక్కునే త్రిశంకుడు నీకు అస్తమించడు. ఒమెగా సెంటారీ అని ఒక నక్షత్ర గుచ్ఛం ఉంది, దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో. సుమారు కోటి నక్షత్రాలు! హైదరాబాదులో అది 25 డిగ్రీల ఎత్తు దాటదు, ఊరి దుమ్ములోనే ఉండిపోతుంది. నీకు మే నెల రాత్రుల్లో నడినెత్తికి దగ్గరగా వస్తుంది. ఊరి వెలుగులకు కాస్త దూరంగా వెళ్లి, 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, కన్ను తీయకుండా చూడు. మొదట బూడిదరంగు ముద్దే కనబడుతుంది. కాసేపటికి అంచుల్లో చుక్కలు విడివడతాయి, ఆ తర్వాత పళ్లెంలో రవ్వ చల్లినట్టు లోపలిదాకా చుక్కలే. మాగెల్లాన్ మేఘాలకైతే టెలిస్కోప్ కూడా అక్కర్లేదు, చీకటి చోటుకు వెళితే చాలు. ఆల్ఫా సెంటారీ మీద గొట్టం పెడితే ఒక్క చుక్క రెండవుతుంది.

ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నది కొనమని కొట్టువాడు చెబుతాడేమో. దాని ఇరుసును ధ్రువం వైపు సరిగ్గా తిప్పి పెట్టాలి. ఉత్తరాన అయితే ధ్రువ నక్షత్రం దారి చూపిస్తుంది. దక్షిణ ధ్రువం దగ్గరున్న సిగ్మా ఆక్టాంటిస్ ఊరి వెలుగులో కంటికే ఆనదు. మొదట్లో నీకు ఆ తంటా వద్దు.

నీది అద్దె ఫ్లాటు, కారు లేదు. ఇది నేను చాలాసేపు ఆలోచించాను. 150 డాబ్సోనియన్ గొట్టం నీ భుజం దాకా వస్తుంది, పీటతో కలిపి పది కిలోలకు పైమాటే. ట్రామ్‌లో మోయలేవు. మెట్లు దించలేక మూలన పడేస్తావనుకుంటే 130 మిల్లీమీటర్ల అద్దంతో, బల్లమీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్ తీసుకో. నీ విషయంలో నా ఓటు దానికే. బాల్కనీ ఏ వైపుందో కూడా చూసుకో. అక్కడ చంద్రుడూ గ్రహాలూ ఉత్తరం వైపు నుంచి పోతాయి.

చదువయ్యాక ఇండియాకు తెచ్చుకోవచ్చు కదా అని ఇప్పుడే సామాను బరువు లెక్కలు వేయకు. అక్కడి ఆకాశం కోసం అక్కడే కొను, వచ్చేటప్పుడు ఇంకో విద్యార్థికి అమ్మేసి రా. నువ్వూ సెకండ్ హ్యాండ్‌ది చూడు, సరిగా దాస్తే అద్దం ఏళ్ల తరబడి చెడిపోదు. కాస్త దుమ్ముంటే భయపడకు, గుడ్డతో మాత్రం తుడవకు.

ఒక్క విషయంలో నా మాట దాటకు. ఐపీస్‌కు బిగించే చిన్న ‘సన్’ ఫిల్టర్ పాత సెట్లలో వస్తుంటుంది. కనబడితే చెత్తలో పారెయ్. వేడికి అది పగిలిందంటే కన్ను పోతుంది. పగటిపూట గొట్టాన్ని సూర్యుడి వైపే తిప్పకు.

కొనేముందు ఒకసారి ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ విక్టోరియా వాళ్ల వీక్షణ రాత్రికి వెళ్లు. 1922 నుంచీ ఉన్న సంఘం. నలుగురి గొట్టాల్లో కన్ను పెట్టి చూడు, ఒకటి ఎత్తి బరువు చూసుకో. ఆ తర్వాత రెండు మూడు కొట్ల ధరలు రాసి పంపితే, ఆదివారం ఫోన్లో కూర్చుని తేల్చేద్దాం.

మీ మావయ్య