పాత పరిజ్ఞానం - కొత్త దారి

పాఠ్యభాగ పరిచయం

వ్యాపార రంగంలో బలవంతునితో తలపడవలసి వచ్చినవారికి రెండు మార్గాలుంటాయి. అతనికంటె ఎక్కువ బలం సంపాదించడం మొదటిది. ఆ బలంతో అంతగా పనిలేని మరొక రంగానికి పోటీని మళ్లించడం రెండవది. వీడియో గేమ్ యంత్రాల తయారీలో ఈ రెండవ మార్గాన్ని అనుసరించి పలుమార్లు నిలదొక్కుకొన్న జపాన్ సంస్థ నింటెండో. ఆ సంస్థ సాధించిన విజయాలను, అదే మార్గంలో చవిచూసిన పరాజయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నది తెలుగువారి సామెత. ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో ఇది మరీ నిజమనిపిస్తుంది. ఈ ఏడాది అపురూపంగా కొనుక్కొన్న యంత్రం నాలుగేళ్లు గడిచేసరికి పాతబడి మూలకు చేరుతుంది. వీడియో గేమ్ యంత్రాల వ్యాపారం చాలాకాలం ఈ సూత్రం మీదనే నడిచింది. టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే ఈ యంత్రాలకు కన్సోళ్లు అని పేరు. సుమారు అయిదారేళ్లకొకసారి కొత్త తరం కన్సోళ్లు విపణిలోకి వస్తాయి. వేగం హెచ్చిన ప్రాసెసర్, మరింత స్పష్టమైన బొమ్మ, మరింత విస్తారమైన ఆట అన్నవే గెలుపుకు కొలబద్దలని తయారీదారులు భావించేవారు. ఈ పరుగుపందెంలో ధనబలం గలవారిదే పైచేయి కావడం సహజం. అయినా, పాతదని లోకం పక్కన పెట్టిన పరిజ్ఞానంతోనే ఒక సంస్థ కోట్లాది మందిని ఆకట్టుకొన్నది.

నింటెండో పుట్టినది ఎలక్ట్రానిక్ యుగంలో కాదు. 1889లో క్యోటో నగరంలో ఫుసాజిరో యమౌచి అనే వ్యాపారి పూలబొమ్మలు గల పేకముక్కలను తయారుచేయడానికి ఈ సంస్థను స్థాపించాడు. 1949లో ఆ వంశీయుడైన హిరోషి యమౌచి సంస్థ పగ్గాలు చేపట్టాడు. 1965లో గుంపే యోకోయి అనే యువ ఇంజనీరు పేకముక్కల కర్మాగారంలో యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. తీరిక వేళలలో అతడు వినోదం కోసం ఒక చేతి పరికరం చేసుకొన్నాడు. పిడులను దగ్గరకు నొక్కితే ముందుకు సాగి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకొనే సాధనమది. కర్మాగారాన్ని చూడవచ్చిన యమౌచి కంట అది పడింది. పనివేళలో ఆటబొమ్మలు చేస్తున్నాడని కోపించడానికి మారుగా, దానిని అమ్మకానికి తగిన వస్తువుగా తీర్చిదిద్దమని ఆయన ఆదేశించాడు. 'అల్ట్రా హ్యాండ్' పేరుతో 1966లో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మరమ్మతు పనివాడు ఆటవస్తువుల రూపకర్త అయినాడు.

యోకోయి కీర్తికి మూలమైన ఆలోచన రైలు ప్రయాణంలో కలిగిందని చెబుతారు. ప్రయాణంలో విసుగు చెందిన ఒక ఉద్యోగి క్యాలిక్యులేటర్ బటన్లను నొక్కుతూ కాలక్షేపం చేయడం అతడు గమనించాడు. అప్పటికి జపాన్‌లో క్యాలిక్యులేటర్ తయారీదారుల మధ్య తీవ్రమైన పోటీ సాగి, వాటిలోని చిన్న తెరలు, చిప్పులు మిక్కిలి చవకగా లభిస్తున్నాయి. వాటితోనే అరచేతిలో ఇమిడే ఆటయంత్రం చేయవచ్చునని యోకోయి తలచాడు. 1980లో వెలువడిన 'గేమ్ అండ్ వాచ్' ఆ తలపుకు రూపం. ఈ శ్రేణిలోని యంత్రాలు మొత్తం 4 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. 1982లో ఈ శ్రేణికే చెందిన ఒక యంత్రం కోసం యోకోయి రూపొందించిన కూడిక గుర్తు ఆకారపు బటన్, ఆ తరువాతి కాలంలో ఆటయంత్రాల మీటలకు ప్రమాణమైంది.

తన పద్ధతికి యోకోయి ఒక పేరు పెట్టాడు. వాడిపోయిన పరిజ్ఞానాన్ని పక్కదారిన ఆలోచించి వినియోగించడమని దాని భావం. ఇక్కడ 'వాడిపోయిన' అంటే పనికిమాలిన అని అర్థం కాదు. అందరికీ బాగా తెలిసినది, గుణదోషాలు తేలిపోయినది, ధర తగ్గినది అని అర్థం. అటువంటి పరిజ్ఞానంతో చేసిన వస్తువు సులభంగా చెడిపోదు, చవకగా తయారవుతుంది. దానికి కొత్తదనం తెచ్చేది అందులోని విడిభాగాలు కావు, వాటిని వినియోగించే తీరు.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష 1989లో ఎదురైంది. ఆ ఏడాది యోకోయి బృందం 'గేమ్ బాయ్' అనే చేతియంత్రాన్ని విడుదల చేసింది. దాని తెరకు రంగులు లేవు. వెనుక నుంచి వెలుగు లేదు. లేత ఆకుపచ్చ ఛాయలలోనే బొమ్మ కనిపించేది. అదే కాలంలో అటారీ సంస్థ 'లింక్స్'ను, 1990లో సెగా సంస్థ 'గేమ్ గేర్'ను రంగుల తెరలతో తీసుకొనివచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్ బాయ్ వెలవెలబోయేది. కాని గేమ్ గేర్‌కు ఆరు బ్యాటరీలు కావాలి. అవి మూడు నుంచి అయిదు గంటలలో అయిపోయేవి. గేమ్ బాయ్‌కు నాలుగు బ్యాటరీలు చాలు. అవి పది గంటలకు పైగా వచ్చేవి. అమెరికాలో గేమ్ బాయ్ ధర సుమారు 90 డాలర్లు కాగా, గేమ్ గేర్ ధర సుమారు 150 డాలర్లు. జేబులో వేసుకొని తిరిగే పిల్లవానికి రంగులకంటె ముఖ్యమైనవి తక్కువ ధర, ఎక్కువసేపు ఆడే వీలు. తరువాత వచ్చిన రంగుల నమూనాతో కలిపి గేమ్ బాయ్ దాదాపు 11.87 కోట్లు అమ్ముడుపోయింది. ప్రత్యర్థులు దాని దరిదాపులకు కూడ రాలేకపోయారు.

అయితే వింతగా ఉన్న ప్రతి వస్తువూ గెలుస్తుందని భావించరాదు. 1995లో నింటెండో విడుదల చేసిన 'వర్చువల్ బాయ్' ఇందుకు నిదర్శనం. బల్లమీద నిలిపిన పరికరంలోకి ముఖం ఉంచి చూస్తే బొమ్మలు లోతుగా కనిపిస్తాయి. ఇదీ యోకోయి రూపకల్పనే. చవకగా లభించే ఎర్రని దీపాలనే ఇందులోనూ వాడారు. కాని నల్లని నేపథ్యం మీద ఎర్రని గీతలను చూస్తూ ఆడేవారికి కళ్లు అలసేవి. మెడ నొప్పి పుట్టేది. పక్కనున్నవారికి ఆట కనిపించేది కాదు. 8 లక్షలైనా అమ్ముడుపోకుండానే మరుసటి ఏడాదికి దాని ఉత్పత్తి ఆగిపోయింది. గేమ్ బాయ్ ఆడేవాని అవసరం నుంచి పుట్టింది. వర్చువల్ బాయ్ యంత్రం చేయగల చమత్కారం నుంచి పుట్టి, నేల విడిచిన సాముగా పరిణమించింది. 1996లో సంస్థను విడిచిన యోకోయి, 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

ఇంతలో టెలివిజన్ కన్సోళ్ల రంగంలో నింటెండో స్థానం క్షీణించసాగింది. 1994లో ప్రవేశించిన సోనీ ప్లేస్టేషన్ 10 కోట్లు దాటగా, 1996 నాటి నింటెండో 64 యంత్రం సుమారు 3.3 కోట్ల వద్ద ఆగిపోయింది. 2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ గతి మరింత దిగజారి 2.2 కోట్లను కూడ అందుకోలేదు. అదే తరానికి చెందిన ప్లేస్టేషన్ 2 తన జీవితకాలంలో 15 కోట్లు మించింది. గమనించదగిన విషయమేమంటే గేమ్‌క్యూబ్ శక్తిలో ప్లేస్టేషన్ 2కు తీసిపోయినది కాదు. బలం పెంచుకొన్నంత మాత్రాన గెలుపు రాదని ఆ అనుభవం తెలియజేసింది. పైగా 2001లోనే అపార ధనబలం గల మైక్రోసాఫ్ట్ కూడ బరిలోకి దిగింది. కన్సోళ్ల తయారీలో నింటెండో కొనసాగగలదా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

2002లో సతోరు ఇవాతా సంస్థ అధ్యక్షుడైనాడు. ఆయన స్వయంగా ఆటల ప్రోగ్రాములు రాసినవాడు. ఆడేవారి వాటా కోసం ప్రత్యర్థులతో పెనుగులాడేకంటె, అసలు ఆడనివారు ఎందుకు ఆడడం లేదో తెలుసుకోవడం మేలని ఆయన భావించాడు. అనేక బటన్లు, మీటలు గల చేతిపరికరం అలవాటులేనివారిని బెదరగొడుతున్నదని, ఆటలు నానాటికీ క్లిష్టమవుతున్నాయని గుర్తించాడు. ఈ దృష్టితో 2004లో రెండు తెరలు గల 'డీఎస్' యంత్రం వెలువడింది. కింది తెరను చిన్న పుల్లతో తాకి ఆడవచ్చు. మెదడుకు పదును పెట్టే లెక్కలు, పెంపుడు కుక్కపిల్లల ఆటలు పెద్దవారిని, స్త్రీలను కూడ ఆకర్షించాయి. సోనీ విడుదల చేసిన చేతియంత్రం బొమ్మల నాణ్యతలో మిన్న అయినా, 15 కోట్లకు మించి అమ్ముడుపోయినది డీఎస్.

2006లో ఇదే ఆలోచన టెలివిజన్ ముందుకు వచ్చింది. ఆ ఏడాది సోనీ ప్లేస్టేషన్ 3ను అమెరికాలో 499, 599 డాలర్ల ధరలకు విడుదల చేసింది. శక్తిమంతమైన ప్రాసెసర్, కొత్తరకం డిస్కు ఖరీదైనవి కావడంతో, ఆరంభంలో సోనీ తయారీ వ్యయంకంటె తక్కువకే దానిని అమ్మవలసి వచ్చింది. నింటెండో కూడ అదే బాట పట్టి ఉంటే పులిని చూసి నక్క వాత పెట్టుకొన్నట్లయ్యేది. అది 249 డాలర్లకు 'వీ' అనే చిన్న యంత్రాన్ని తెచ్చింది. ఇంగ్లిషులో 'మనం' అనే అర్థమిచ్చే మాటలా వినిపించే పేరది. అందులోని ప్రాసెసర్ గేమ్‌క్యూబ్ ప్రాసెసర్‌కు మెరుగుపరచిన రూపం. కొత్తదనమంతా చేతిలో పట్టుకొనే పరికరంలో ఉంది. ప్రతి ఇంటిలోనూ ఉండే టీవీ రిమోట్ ఆకారమే దానికి ఇచ్చారు. అందులోని సూక్ష్మపరికరం చేతి కదలికను పసిగడుతుంది. టెన్నిస్ ఆడడానికి బటన్లను గుర్తుంచుకోనక్కరలేదు. బ్యాటును ఊపినట్లు చేయి ఊపితే చాలు.

తాతలు మనుమలతో కలిసి ఆడారు. అమెరికాలోని వృద్ధాశ్రమాలలో 'వీ' బౌలింగ్ పోటీలు జరిగాయి. ఉత్సాహంలో కొందరి చేతుల నుంచి రిమోట్ జారి టెలివిజన్ తెరలు పగలడంతో, సంస్థ మరింత గట్టి మణికట్టు తాళ్లను ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. 'వీ' 10 కోట్లకు పైగా అమ్ముడుపోయి ఆ తరంలో ప్రథమస్థానం పొందింది. 2010లో సోనీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు కూడ కదలికను గుర్తించే పరికరాలను తీసుకొనిరావడం నింటెండో చూపిన దారికి లభించిన గుర్తింపు.

ఆ విజయం నిలిచిపోలేదు. కొత్తగా వచ్చిన ఆటగాళ్లలో పలువురిని స్మార్ట్‌ఫోన్లు లాగివేశాయి. 2012లో వచ్చిన 'వీ యూ'లో చేతిపరికరానికే ఒక తెర అమర్చారు. కాని ఆ రెండవ తెర ఎందుకో చాలామందికి బోధపడలేదు. పేరు చూసి పాత 'వీ'కి అది అనుబంధ వస్తువని భ్రమించినవారూ ఉన్నారు. దాని అమ్మకాలు 1.36 కోట్ల వద్ద ఆగాయి. 2014 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సంస్థకు నష్టం వచ్చింది. ఇవాతా తన జీతంలో సగాన్ని కొన్ని నెలలపాటు తగ్గించుకొన్నాడు. 2015లో ఆయన కన్నుమూశాడు.

ఓడిన యంత్రంలోనూ ఒక మంచి బీజం ఉంది. ఇంటిలో మరొకరు టెలివిజన్ చూస్తున్నా చేతిలోని తెరపై ఆట కొనసాగించవచ్చునన్నదే అది. అయితే 'వీ యూ' పరికరం కన్సోల్‌కు దూరం పోతే పనిచేసేది కాదు. 2017లో వెలువడిన 'స్విచ్' ఆ కట్టును తెంచింది. పీఠంలో ఉంచితే టెలివిజన్‌పై ఆడవచ్చు. తీసుకొంటే ప్రయాణంలో ఆడవచ్చు. రెండు పక్కల మీటలను విడదీసి ఇద్దరు పంచుకోవచ్చు. దాని ప్రాసెసర్‌కు ఆధారమైన చిప్పు 2015లోనే విపణిలో ఉంది. టెలివిజన్ యంత్రం, చేతియంత్రం అన్న రెండు వేర్వేరు వస్తువులు ఒకటి కావడమే ఇందులోని విశేషం. 2025 నాటికి దాని అమ్మకాలు 15 కోట్లు దాటాయి. 2025లో వచ్చిన 'స్విచ్ 2' రూపంలో దాదాపు అదే పద్ధతిని నిలుపుకొని, శక్తిని పెంచుకొన్నది. పనికివచ్చిన దారిని కేవలం కొత్తదనం కోసం విడిచిపెట్టనక్కరలేదని ఆ నిర్ణయం సూచిస్తున్నది.

గేమ్ బాయ్, డీఎస్, వీ, స్విచ్ అన్న నాలుగు విజయాలలోనూ కనిపించే లక్షణం ఒకటే. రూపకర్తలు యంత్రం కంటె ముందు మనిషిని చూశారు. బ్యాటరీ ఖర్చుకు వెరచే పిల్లవాడు, బటన్లకు జంకే వృద్ధురాలు, రైలులో విసిగిన ఉద్యోగి వారి ఎదుట ఉన్నారు. ఆ మనిషి కళ్లెదుటినుంచి తొలగిన ప్రతిసారీ, అంతే వింతైన యంత్రం అంగడిలో మిగిలిపోయింది. పాతది రోత కావడమో, కొత్తది వింత కావడమో వస్తువు వయస్సును బట్టి కాక, అది తీర్చే అవసరాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

విపణి = అంగడి, సంత
కొలబద్ద = ప్రమాణం
పరిజ్ఞానం = సమగ్రమైన తెలివి, విద్య
నిదర్శనం = ఉదాహరణ
బీజం = విత్తు, మూలం
వెరచు = భయపడు
నేల విడిచిన సాము = ఆధారం లేని ప్రయత్నం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గేమ్ బాయ్ విజయానికి, వర్చువల్ బాయ్ పరాజయానికి గల కారణాలను పోల్చి వివరించండి.
2. సతోరు ఇవాతా ఆలోచనా విధానం డీఎస్, వీ యంత్రాల రూపకల్పనలో ఎట్లా ప్రతిఫలించింది?

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. 'వాడిపోయిన పరిజ్ఞానం' అన్న మాటకు యోకోయి దృష్టిలో అర్థమేమిటి?
2. గేమ్‌క్యూబ్ అనుభవం నింటెండోకు ఏమి తెలియజేసింది?
3. 'వీ యూ' లోని ఏ బీజం 'స్విచ్'లో ఫలించింది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నింటెండో సంస్థ మొదట ఏ వస్తువులను తయారుచేసింది?
2. 'వీ' చేతిపరికరానికి ఏ వస్తువు ఆకారాన్ని ఇచ్చారు?