రబ్బరు బుష్షుకు ఏ నూనె పనికివస్తుంది?

వానలు వెలిసి దారులు ఎండే రోజుల్లో పాత బండ్లన్నీ కిర్రుమనటం మొదలుపెడతాయి. మన సభ్యుల్లో కొందరి ఇళ్ల ముందు ఇప్పటికీ అంబాసిడరు కార్లు, జీపులు ఉన్నాయి. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినా, ఉన్న బండిని ఇంటి గేదెను చూసుకున్నంత శ్రద్ధగా చూసుకునేవారు లేకపోలేదు. చప్పుడు వినగానే బండిని సర్వీసింగుకు తోలుతారు. అక్కడి కుర్రవాడు అడుగుభాగాన్ని నీళ్లతో కడిగి, వాడేసిన ఇంజను ఆయిలును డీజిలుతో కలిపి గన్నుతో అంతటా చిమ్ముతాడు. తిరుగుదారిలో చప్పుడు ఉండదు. యజమానికి సంతోషం. ఆ సంతోషం ఎన్నాళ్లో ఉండదని, పైగా ఖర్చు తెచ్చిపెడుతుందని చెప్పటమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది పాల సంఘాల పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారు కింద ఉన్న రబ్బరు, రూటు బండి కింద ఉన్న రబ్బరు, పాల క్యాను మూతలోని రబ్బరు రింగు, పాలు పితికే యంత్రంలోని రబ్బరు గొట్టం, ఇవన్నీ ఒకే వంశానికి చెందినవి. నూనెల విషయంలో వీటికి ఇంచుమించు ఒకే నియమం వర్తిస్తుంది. పొద్దున్నే క్యాన్లతో బయలుదేరిన బండికి నడిదారిలో కమాను బుష్షు ఊడిపోతే, ఎండలో నిలిచిపోయేది బండి ఒక్కటే కాదు. ఆ పూట పాలు పోసినవారందరి డబ్బు అక్కడ నిలిచిపోతుంది.

ముందుగా రబ్బరు సంగతి. రబ్బరు చెట్టుకు గాటు పెడితే కారేదాన్ని కూడా పాలనే అంటాము. మన దేశంలో ఈ తోటలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. ఆ పాలలో కొద్దిగా ఆమ్లం కలిపితే, మన పాలలో నిమ్మరసం పిండినట్లే, విరిగి గడ్డ కడతాయి. ఆ గడ్డను పలకలుగా ఒత్తి ఆరబెడతారు. అయితే అట్టి పచ్చి రబ్బరు ఎండకు జిగురుగాను, చలికి పెళుసుగాను మారుతుంది. దానిలో గంధకం కలిపి కాచితే గట్టిపడి, సాగినా మళ్లీ యథాస్థితికి వస్తుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. రబ్బరులో పొడవాటి దారపు పోగుల వంటి అణువులు చిక్కుపడి ఉంటాయి. గంధకం వాటికి అక్కడక్కడ ముడి వేస్తుంది. బండి బుష్షుకు బలం ఆ ముడుల నుంచే వస్తుంది.

పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజను ఆయిలు, ఇవన్నీ భూమిలో దొరికే ముడి చమురు నుంచి వచ్చినవి. వీటి అణువులకు, రబ్బరు అణువులకు గుణం ఒకటే. కావున ఇవి తగిలితే రబ్బరు వాటిని పీల్చుకుంటుంది. తెలగపిండి నీళ్లలో నానినట్లు రబ్బరు నూనెలో నానుతుంది. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరకు వేలితో గీరితే ఊడి వస్తుంది. మేమూ ఈ తప్పు చేసినవాళ్లమే. ఒక పాత అంబాసిడరుకు వరుసగా రెండేళ్లు వర్షాలకు ముందు కాలిన ఆయిలు కొట్టించాము. తుప్పు పట్టలేదు, నిజమే. వెనుక కమాను విప్పినప్పుడు మాత్రం దాని కంటిలోని బుష్షు పాకం బెల్లంలా చేతికి అంటుకున్నది.

బుష్షు జారదు, మెలితిరుగుతుంది

చాలామంది పొరపాటు పడే చోటు ఇదే. బండిలో ఒక భాగం కదులుతున్నదంటే అక్కడ గ్రీజు ఉండాలని మనకు అలవాటు. ఎద్దుబండి ఇరుసుకు కందెన పూసిన చేతులు కదా మనవి. కానీ రబ్బరు బుష్షు పనిచేసే తీరు వేరు. దాని బయటి అంచు కమాను కంటిలో బిగుసుకుని ఉంటుంది. లోపలి అంచు బోల్టు బిగింపుకు కదలకుండా పట్టుబడి ఉంటుంది. బండి గుంటలో పడినప్పుడు ఆ రెండు అంచుల నడుమ ఉన్న రబ్బరు తనలో తాను మెలితిరిగి, మళ్లీ వెనక్కు వస్తుంది. ఎక్కడా రాపిడి లేదు. రాపిడి లేని చోట కందెనకు పని లేదు.

అంతేకాదు, అక్కడ గ్రీజు పెడితే పట్టుకుని ఉండవలసిన అంచు జారటం మొదలవుతుంది. జారిన రబ్బరు అరుగుతుంది. అరిగితే సందు ఏర్పడుతుంది, ఆ సందులో మట్టి చేరుతుంది, కొన్నాళ్లకు ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. కావున కిర్రుమనే చప్పుడు నూనె కోసం అడగటం కాదు. బోల్టు వదులైందనో, రబ్బరు అరిగిందనో, కమాను పట్టీల మధ్య తుప్పు చేరిందనో బండి చెబుతున్నది. ముందుగా చప్పుడు ఎక్కడిదో చూడాలి. ఒకరు బండి వెనుక భాగాన్ని కిందికి అదుముతూ ఉంటే, మరొకరు పక్కన కూర్చుని చెవి పెట్టి వింటే సగం తెలిసిపోతుంది. ఒక సీసాడు నీళ్లు తెచ్చి అనుమానమున్న బుష్షు మీద పోయండి. చప్పుడు కాసేపు ఆగితే దోషం అక్కడే ఉన్నది. నీళ్లు రబ్బరుకు ఏ హానీ చేయవు.

గ్రీజు నిప్పిల్ ఉన్న చోట మాత్రం గ్రీజు కొట్టి తీరాలి. పాత నమూనా జీపుల్లో కమాను షాకిళ్లకు మరలు చెక్కిన ఇనుప బుష్షులు ఉండేవి. అక్కడ ఇనుము ఇనుము మీద తిరుగుతుంది, గ్రీజు లేకపోతే అరిగిపోతుంది. ఈ పాఠం చదివి అన్నిచోట్లా గ్రీజు మానేస్తే మమ్మల్ని తిట్టుకుంటారు. నిప్పిల్ ఉంటే గ్రీజు, రబ్బరు ఉంటే వద్దు. నిప్పిల్ నుంచి పొంగిన గ్రీజు పక్కనున్న రబ్బరు మీద పడితే గుడ్డతో తుడిచివేయాలి.

ఏది వాడాలి, ఏది వాడరాదు

కొత్త బుష్షు ఎక్కించేటప్పుడు మాత్రం జారుడు అవసరం. పొడి రబ్బరును ఇనుప కంటిలోకి సుత్తితో కొడితే చిరుగుతుంది. దీనికి అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా మంచి వస్తువు సబ్బు నురుగు. ఒంటి సబ్బును నీళ్లలో చిక్కగా కలిపి బుష్షుకు పూసి నొక్కితే ఎక్కుతుంది. తర్వాత నీరు ఆరిపోతుంది, పట్టు వస్తుంది. టైరు ఎక్కించే షాపువారు చేసేదీ ఇదే. మందుల షాపులో దొరికే గ్లిసరిను కూడా రబ్బరుకు హాని చేయదు. అది సబ్బు నీళ్లంత త్వరగా ఆరదు కాబట్టి పలుచగా పూయాలి.

బుష్షు ఇంకా బాగానే ఉండి, అంచు వద్ద మాత్రమే కిర్రుమంటున్నప్పుడు కొద్దిగా పూయటానికి రెండు రకాలు ఉన్నాయి. ఒకటి సిలికోన్ గ్రీజు. రెండవది బ్రేకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరికే ఎర్రటి రబ్బరు గ్రీజు. ఈ రెండవదానిని సాధారణంగా ఆముదంతో చేస్తారు. ఆముదమనగానే కొందరు సభ్యుల ముఖం వెలుగుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్టచేలల్లో పండే ఆముదమే. తక్కిన నూనెలకు లేని గుణం దీనికి ఉన్నది: ఆల్కహాలులో చక్కగా కలుస్తుంది, కిరసనాయిలులో సరిగా కలవదు. కిరసనాయిలుతో పొత్తు కుదరని నూనె రబ్బరులోకి కూడా అంతగా చొరబడదు. హైడ్రాలిక్ బ్రేకుల తొలిరోజుల్లో ఆముదం, ఆల్కహాలు కలిపిన ద్రవాన్నే వాడేవారు. లోపలి రబ్బరు చెడకుండా ఉండటం అందుకు ఒక కారణం. ఇంట్లోని ఆముదం ఒక చుక్క అవసరానికి పనికివస్తుంది గాని, కాలం గడిచేకొద్దీ జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. కావున గ్రీజు డబ్బా కొనుక్కోవటమే మేలు.

ఇక వాడరానివి. డీజిలు, కిరసనాయిలు, ఇంజను ఆయిలు సంగతి చెప్పుకున్నాము. షాపులో లిథియం గ్రీజు అని అమ్మేదానిని చూసి, పేరు కొత్తగా ఉన్నది గదా అని మోసపోవద్దు. లిథియం అనేది దానిని చిక్కబరచటానికి వేసిన సబ్బు పేరు. లోపలి నూనె సాధారణంగా ముడి చమురు నుంచి వచ్చిందే. గ్రాఫైట్ గ్రీజూ సాధారణంగా అంతే. తెల్ల వాజలీను చూడటానికి సాధువులా ఉంటుంది, అదీ పెట్రోలియం బిడ్డే. సిలికోన్ స్ప్రే డబ్బాల్లో కొన్నిటిలో సిలికోనును పెట్రోలియం ద్రావకంలో కలిపి నింపుతారు. డబ్బా మీద అచ్చు వేసినది చదివి కొనాలి.

వెన్న రాస్తే ఏమవుతుందని పాడి రైతు అడగటం సహజం. వెన్న, వేరుశనగ నూనె డీజిలంత దుర్మార్గులు కావు. అయినా కొవ్వును కూడా రబ్బరు నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆపైన ఎలుకలు వస్తాయి.

నమ్మకం కుదరనివారు ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. ఒకే కట్టలోని మూడు రబ్బరు బ్యాండ్లు తీసుకుని, కాగితం మీద వాటి పొడవును పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఒకటి డీజిలులో, ఒకటి ఆముదంలో, ఒకటి సబ్బు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొయ్యికి, పిల్లలకు దూరంగా పెట్టాలి. తెల్లవారి గుర్తు మీద పెట్టి చూస్తే డీజిలులోనిది లావెక్కి, పొడవై కనబడుతుంది; లాగితే సులభంగా తెగుతుంది. తక్కిన రెండూ ఇంచుమించు పెట్టినట్లే ఉంటాయి.

ఒక హెచ్చరిక. నల్లగా ఉన్నదల్లా ఒకే రబ్బరు కాదు. ఇంజను ఆయిలు సీళ్లు సాధారణంగా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు, అవి నూనెకు తట్టుకుంటాయి. కంటితో చూసి తేడా చెప్పలేము. అలాగే ఈ మధ్య పాత కార్లకు ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో పాలీయూరిథేన్ బుష్షులు వేయిస్తున్నారు. రబ్బరులా మెలితిరగటం కాక, ఇవి చాలావరకు లోపలి గొట్టం మీద జారుతూ పనిచేస్తాయి. కావున వీటికి గ్రీజు తప్పదు. వీటితోపాటు ఇచ్చే గ్రీజునుగాని, సిలికోన్ గ్రీజునుగాని వాడాలి.

చివరి బిగింపు నేల మీదనే

మంచి బుష్షు, మంచి సబ్బు నీళ్లు వాడినా కొన్ని నెలలకే రబ్బరు చిరిగిపోయిందని కొందరు చెబుతారు. కారణం బిగింపులో ఉంటుంది. బండిని జాకీ మీద ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలోనే బోల్టు గట్టిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి పడుతుంది. నిలబడి ఉన్నా మెలి, నడిచినా మెలి. ఎంత మంచి రబ్బరైనా ఎంతకాలం ఓర్చుకుంటుంది? కావున ముందు వదులుగా బిగించి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, రెండు మూడుసార్లు అదిమి, తర్వాతనే చివరి బిగింపు వేయాలి. మీ మెకానిక్ ఇలా చేస్తున్నాడో లేదో పక్కన నిలబడి చూడండి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి ఎవరూ దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టాలి. అంబాసిడరు ముందు చక్రాల వద్ద స్ప్రింగుకు బదులు మెలి పడే ఉక్కు కడ్డీ ఉంటుంది. దానిలో చాలా బలం దాగి ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని ఇంటివద్ద విప్పరాదు.

తుప్పు భయం ఉన్నవారు కమాను పట్టీలను విప్పించి, గీకించి, రంగు వేయించి మళ్లీ కట్టించుకోవచ్చు. ఆయిలు కొట్టటంకన్నా ఖర్చు ఎక్కువే, కానీ ఏటా చేయవలసిన పని కాదు.

బుష్షు చెడితే బండి కొట్టుకుంటుంది, ఊగుతుంది. బ్రేకులో రబ్బరు చెడితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. బ్రేకు ఆయిలు తగ్గిందని చేతికందిన ఇంజను ఆయిలు పోస్తే మాస్టరు సిలిండరులోను, చక్రాల వద్ద సిలిండర్లలోను ఉన్న రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. ఒకప్పుడు బ్రేకు పట్టుకుని వదలదు, ఒకప్పుడు అసలు పట్టదు. అలా జరిగినట్లు తెలిస్తే బండిని కదిలించరాదు. పాత ద్రవమంతా తీసివేయించి, రబ్బరు భాగాలు, గొట్టాలు అన్నీ మార్పించాలి. బ్రేకు భాగాలను పెట్రోలుతోగాని, కిరసనాయిలుతోగాని కడగరాదు. బ్రేకు ఆయిలుతోగాని, స్పిరిట్‌తోగాని కడగాలి.

చివరగా పాల వద్ద ఉన్న రబ్బరు. కారుకు తెచ్చిన ఏ గ్రీజూ, అది ఎంత మంచిదైనా, క్యాను మూత రింగుకు పూయరాదు. పాలు తగిలే చోట అవసరమైతే ఆహార పదార్థాలకు తగినదని డబ్బా మీద ఉన్న గ్రీజే వాడాలి. పాల కొవ్వు తగలటంవల్ల రింగులు, పాలు పితికే యంత్రపు లైనర్లు కాలక్రమాన మెత్తబడి పగుళ్లు ఇస్తాయి. ఆ పగుళ్లలో కడిగినా పోని మురికి నిలిచి పాలు త్వరగా పులుస్తాయి. రబ్బరు లైనర్లను సాధారణంగా 2,500 సార్లు పితికిన తర్వాత మార్చాలంటారు. ఒక సెట్టుతో 10 పశువులకు రెండు పూటలా పితికితే రోజుకు 20 సార్లు, అనగా 125 రోజులకు ఆ లెక్క పూర్తవుతుంది. లైనరు వేసిన తేదీని యంత్రం దగ్గరి గోడ మీద సుద్దతో రాసి పెట్టుకుంటే చాలు.