కవరు మీద పేరు

అమెరికా దేశంలో చికాగో అనే పెద్ద నగరం ఉంది. 2007లో అక్కడ ఒక వేలంపాట జరిగింది. పాటకు పెట్టినవి నగలు కావు. భూములు కావు. కొన్ని పాత పెట్టెలు.

ఎవరో ఒక గోదాములో చోటు అద్దెకు తీసుకున్నారు. అక్కడ తమ సామాను దాచుకున్నారు. తరువాత అద్దె కట్టలేకపోయారు. అందుకని ఆ సామాను వేలానికి వచ్చింది.

జాన్ మాలూఫ్ అనే యువకుడు ఒక పెట్టె పాడుకున్నాడు. సుమారు 400 డాలర్లు ఇచ్చాడు. అతను తమ పేట గురించి పుస్తకం రాస్తున్నాడు. అందులోకి పాత ఫోటోలు దొరుకుతాయని ఆశపడ్డాడు.

పెట్టె తెరిచి చూస్తే వేల నెగెటివ్‌లు ఉన్నాయి. ఫోటో తీసిన రీలును కడిగితే వచ్చే ఫిల్మునే నెగెటివ్ అంటారు. అందులో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా కనిపిస్తాయి. దాని నుంచే కాగితం మీద ఫోటో వేస్తారు.

అతని పుస్తకానికి పనికొచ్చే ఫోటో ఒక్కటీ దొరకలేదు. కాని ఆ ఫోటోలు చూస్తూ ఉంటే ఇంకా చూడాలనిపించేది. వీధిలో ఏడుస్తున్న పిల్లవాడు. గోడ పక్కన నిద్రపోతున్న తాగుబోతు. బొచ్చు కోటు వేసుకున్న గొప్పింటి ఆవిడ. పని చేసి అలిసిపోయిన కూలి. అందరూ నిజంగా ఎదురుగా ఉన్నట్టే ఉన్నారు.

ఇవి తీసింది ఎవరు?

2009 ఏప్రిల్‌లో మాలూఫ్‌కు ఒక కవరు దొరికింది. ఫోటోలు కడిగే దుకాణం వాళ్ల కవరు అది. దాని మీద పెన్సిలుతో ఒక పేరు రాసి ఉంది. వివియన్ మేయర్. ఆ పేరు పెట్టి కంప్యూటరులో వెతికాడు. ఒక పత్రికలో వేసిన మరణ ప్రకటన కనిపించింది. ఆమె కొన్ని రోజుల కిందటే చనిపోయింది.

ఎవరీ వివియన్?

ఆమె 1926లో న్యూయార్క్ నగరంలో పుట్టింది. తల్లిది ఫ్రాన్స్ దేశం. చిన్నతనంలో కొన్నేళ్లు అక్కడి కొండ ప్రాంతంలో పెరిగింది. 25 ఏళ్ల వయసులో, 1951లో, అమెరికాకు తిరిగి వచ్చింది. 1956లో చికాగో వైపు వెళ్లింది.

ఆమె చేసిన పని ఏమిటో తెలుసా? ఆయా పని. ఇతరుల ఇళ్లలో ఉండి, వాళ్ల పిల్లలను పెంచింది. సుమారు 40 ఏళ్లు అదే పని. ఆమెకు పెళ్లి కాలేదు. సొంత ఇల్లు లేదు.

కాని ఆమె మెడలో ఎప్పుడూ ఒక కెమెరా ఉండేది. దాన్ని కంటి దగ్గర పెట్టుకోనక్కరలేదు. ఛాతీ కింద పట్టుకుని, పై నుంచి వంగి చూస్తే చాలు. అందువల్ల ఎదుటివాళ్లకు ఫోటో తీస్తున్నట్టు చాలాసార్లు తెలిసేది కాదు. ఒక రీలుకు 12 ఫోటోలే వస్తాయి. కాబట్టి ఆచితూచి తీయాలి.

పిల్లలను వెంటబెట్టుకుని ఆమె నగరమంతా తిరిగేది. తిరుగుతూనే ఫోటోలు తీసేది. అద్దాల్లో కనిపించే తన రూపాన్ని కూడా తీసుకునేది. నేల మీద పడిన తన నీడను కూడా తీసుకునేది.

ఆమె ఫోటోలు తీస్తుందని ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. కాని ఎన్ని తీసిందో, ఎంత బాగా తీసిందో తెలియదు. తన గదికి తాళం కావాలని ఆమె అడిగేది. కొన్ని చోట్ల తన అసలు పేరు కూడా చెప్పేది కాదు. ఇల్లు మారినప్పుడల్లా పెట్టెలు పెరిగేవి. కడిగించని రీళ్లు కూడా పేరుకుపోయాయి.

ముసలితనంలో చేతిలో డబ్బు లేదు. ఆమె పెంచిన ముగ్గురు అన్నదమ్ములు ఆమె ఉండటానికి ఇల్లు చూసి, అద్దె కట్టారు. 2008 చలికాలంలో ఆమె మంచు మీద జారి పడింది. తలకు దెబ్బ తగిలింది. మళ్లీ కోలుకోలేదు. 2009 ఏప్రిల్ 21న, 83 ఏళ్ల వయసులో, కన్నుమూసింది.

తరువాత ఏమయింది?

ఆమె తీసిన ఫోటోలు లక్షకు పైగా ఉన్నాయని తేలింది. 2011లో చికాగోలో వాటిని జనానికి చూపించారు. పుస్తకాలు వచ్చాయి. 2013లో ఆమె గురించి సినిమా వచ్చింది. ఇప్పుడు గొప్ప ఫోటోగ్రాఫర్ల వరుసలో ఆమె పేరు చెబుతారు. ఇదేదీ ఆమె చూడలేదు.

ఆమెకు పిల్లలు లేరు. వీలునామా రాయలేదు. ఆ ఫోటోల మీద హక్కు ఎవరిది? 2014లో ఈ తగాదా కోర్టుకు ఎక్కింది.

ఇళ్లలో పని చేసే మనిషిని ఎవరూ పట్టించుకోరు. కాని ఆ మనిషి అందరినీ చూస్తూనే ఉంటుంది. వివియన్ చూసింది. చూసినదాన్ని దాచింది. వేల నెగెటివ్‌లు ఉన్నా, అవి తీసిందెవరో అవి చెప్పలేకపోయాయి. పెన్సిలుతో రాసిన రెండు మాటలు చెప్పాయి. రాసిన పేరుకు అంత బలం ఉంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. వివియన్ సామాను వేలానికి ఎందుకు వచ్చింది?
2. ఫోటోలు తీసింది ఆమేనని ఎలా తెలిసింది?
3. మీ ఊళ్లో బాగా పని తెలిసిన ఆడవాళ్లు ఎవరు? ముగ్గులు, బొంతలు, పాటలు, మంత్రసాని పని – ఏదైనా సరే. వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా?

చేయండి

మీ ఇంట్లో ఒక పాత ఫోటో తీయండి. అందులో ఉన్నవాళ్లు ఎవరో పెద్దవాళ్లను అడగండి. ఫోటో వెనక పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, వాళ్ల పేర్లు రాయండి. ఊరు రాయండి. సంవత్సరం రాయండి. తీసినవాళ్లు తెలిస్తే వాళ్ల పేరు కూడా రాయండి.