బడి బయట చదివే పిల్లలకు పదో తరగతి దారి



మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క అప్పజెప్పడం ఈ సంచిక పని. ఈసారి ఆ లెక్కతో పాటు మా పొరపాటు ఒకటి కూడా మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం హిఫ్జ్ పూర్తి చేసిన ఒక అబ్బాయికి ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫీజు కట్టాం. రసీదు ఫైలులో పెట్టాం. పరీక్షలయ్యాక విచారిస్తే అతను పరీక్షకే వెళ్ళలేదని తెలిసింది. పుస్తకాలు తెచ్చుకోలేదు. హాల్ టికెట్ ఎప్పుడొచ్చిందో తెలియదు. తండ్రితో కలిసి మామిడి తోట పనికి వెళ్తున్నాడు. ఖుర్ఆన్ మొత్తం గుండెలో నిలుపుకున్న పిల్లవాడు లెక్కల పుస్తకం మొదటి పాఠం దగ్గరే ఆగిపోయాడంటే తెలివి లేక కాదు. ఫీజు కట్టి, చేయి వదిలేసింది మేము.

మన విస్సన్నపేట చుట్టుపక్కల ఇలాంటి పిల్లలు రెండు రకాలుగా కనిపిస్తారు. మద్రసాలో చదివి పదమూడు, పద్నాలుగేళ్లకు ఇంటికొచ్చే మగపిల్లలు ఒక రకం. ఏడో, ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇంట్లోనే ఖుర్ఆన్, ఉర్దూ చదువుకుంటూ కుట్టుమిషన్ నేర్చుకునే ఆడపిల్లలు రెండో రకం. వీళ్లు చదవని పిల్లలు కారు. వీళ్ల చదువుకు సర్కారు సర్టిఫికెట్ లేదు, అంతే. అది తెచ్చుకునే దారులు ఉన్నాయి.

పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అది చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదనో, జూన్ దాటిపోయిందనో ప్రవేశం నిరాకరించకూడదు. 2012లో సవరించిన చట్టం ప్రకారం మద్రసాలకు ఈ నిబంధనలు వర్తించవు. అయితే మద్రసా నుంచి వచ్చిన పిల్లవాడు సర్కారు బడిలో చేరే హక్కు చెక్కుచెదరలేదు. బడి మానేసిన ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడ ఉండడానికి, తినడానికి, చదవడానికి తల్లిదండ్రులు ఖర్చు పెట్టనక్కర్లేదు.

పద్నాలుగు నిండినవారికి

1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠాన్నే మనం ఓపెన్ స్కూల్ అంటున్నాం. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలు. ఎన్నడూ బడి గడప తొక్కనివారు కూడా చేరవచ్చు. పుట్టినతేదీ రుజువు, చదవడం రాయడం వచ్చునని స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణ ఉండాలి. దరఖాస్తు అధ్యయన కేంద్రం ద్వారా చేయాలి. ఈ కేంద్రాలు ఎక్కువగా ఉన్నత పాఠశాలల్లోనే ఉంటాయి.

దీని గొప్ప సౌకర్యం ఒకటుంది. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలని లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది. ఈసారి రెండు పాసైతే ఆ రెండూ మీ ఖాతాలో ఉంటాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. 1989లో మొదలైన ఈ సంస్థ కూడా పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండినవారిని చేర్చుకుంటుంది, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తుంది.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు

ఇక్కడే మన పిల్లలు దెబ్బతింటున్నారు. లెక్కలంటే భయపడి, తేలికైన సబ్జెక్టులతో పదో తరగతి పాసైతే సర్టిఫికెట్ వస్తుంది కానీ పాలిటెక్నిక్ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే పాలీసెట్‌కు లెక్కలు తప్పనిసరి. పిల్లవాడు రేపు ఏం కావాలనుకుంటున్నాడో అడిగాకే దరఖాస్తు నింపాలి. పక్కనే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీ మీద ఆశ పెట్టుకున్నవారు బడి మానకుండా రెగ్యులర్‌గా చదవడమే మేలు. అక్కడ మొదటి ప్రయత్నంలోనే పదో తరగతి పాసవ్వడం చూస్తారు. ఓపెన్ స్కూల్ పదో తరగతితో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ చేరవచ్చు. ఇంటి నుంచే చదవాలంటే ఇంటర్ కూడా ఓపెన్ స్కూల్లో ఉంది.

కాలేజీ చదువు

ఉర్దూలో చదువుకున్నవారు 1998లో హైదరాబాద్‌లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని గుర్తుంచుకోవాలి. అది కొన్ని మద్రసాల సర్టిఫికెట్లను ప్రవేశానికి గుర్తిస్తుంది, కడపలో ఉర్దూ మాధ్యమ పాలిటెక్నిక్ నడుపుతోంది. మీ మద్రసా ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

2017లో మొదలైన స్వయం వేదికలో తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఫోన్ ఉంటే వినవచ్చు. డిగ్రీలో చేరినవారు తమ కాలేజీ ఒప్పుకున్న స్వయం కోర్సు చదివి పరీక్ష పాసైతే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. 2021 నుంచి యూజీసీ దీన్ని 40 శాతం వరకు అనుమతిస్తోంది. ఉత్తినే విన్నందుకు క్రెడిట్ రాదు. పరీక్షకు విడిగా ఫీజు కట్టాలి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి.

దాతలకు మా విన్నపం

నిబంధనల్లో తలుపులు ఇంతగా తెరిచి ఉన్నాయి. మన పిల్లలు ఆగిపోయేది తలుపు దగ్గర కాదు, తలుపుకు వెళ్లే దారిలో. దరఖాస్తు గడువు చెప్పేవారుండరు, ఆదివారం లెక్కలు చెప్పేవారుండరు, పరీక్ష కేంద్రానికి బస్సు ఛార్జీ ఉండదు, కూతురికి తోడు వెళ్లడానికి తల్లికి కూలి పోతుంది. ఫీజు ఒక్కసారి కడితే తీరిపోతుంది. ఈ ఖర్చులు ఐదేళ్లూ ఉంటాయి.

అందుకే మిమ్మల్ని కోరేదొక్కటే. ఒక పిల్లవాడి ఫీజు అనకుండా, ఒక పిల్లవాడి ఐదేళ్లు తీసుకోండి. డబ్బు ఇవ్వలేనివారు, ముఖ్యంగా మనలోని ఉపాధ్యాయులు, డిగ్రీ చదువుతున్న యువతీ యువకులు, వారానికి రెండు గంటలు ఇవ్వండి. జకాత్ సొమ్మును ఇందులో ఏ ఖర్చుకు వాడవచ్చో ఉలమాను అడిగే వాడతాం. మిగతావి సదఖా నుంచి పెడతాం.

బద్ర్ యుద్ధ ఖైదీల్లో సొమ్ము కట్టలేనివారు, చదువు వచ్చినవారైతే, మదీనా పిల్లలు పదిమందికి చదవడం రాయడం నేర్పితే విడుదల చేశారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పిల్లలకు వచ్చేదాకా కూర్చుని నేర్పడమే అక్కడ పరిహారం. మాకు ఆ సంగతి ఈ అబ్బాయి విషయంలో ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఐదేళ్ల గడువు ఉండబట్టి అతని అవకాశాలు పోలేదు. ఇప్పుడు ఇషా నమాజ్ తర్వాత మాలో ఒకరి ఇంట్లో కూర్చుని చదువుతున్నాడు. మూడు సబ్జెక్టులు గట్టెక్కాయి. లెక్కలు, సైన్సు మిగిలాయి. ఈసారి పరీక్ష కేంద్రం దాకా మేమే తోడు వెళ్తాం, ఇన్షా అల్లాహ్. అతని కోసం దుఆ చేయండి. మీ వీధిలో అతనిలాంటి పిల్లలెవరైనా ఉంటే మాకు చెప్పండి.