వట్టికోట ఆళ్వారుస్వామి

అచ్చుపుస్తకమును అమ్ముటకై దానిని భుజమున మోసికొని పల్లెపల్లెకు నడచిన నవలాకారుని మీరెరుగుదురా? తెలంగాణమున అట్టివాడొకడుండెను.

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ సీమలో ఒక పేదయింట జన్మించెను. చిన్ననాడే తండ్రిని కోల్పోయినందున బడిచదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేయుచు, ఆయన యొద్దనే అక్షరములు నేర్చెను. అది జీతము లేని కొలువే. కాని ఆ బాలుడు కోరిన జీతము చదువే. పిమ్మట హోటలులో సర్వరుగా పనిచేసెను. హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను. ఇతరుల వాక్యములలోని తప్పులు దిద్దుచు తన వాక్యమును చక్కబరచుకొనెనని చెప్పవచ్చును.

అది నిజాము పాలనాకాలము. పాఠశాలలలో బోధన ఉర్దూలో జరిగెడిది. ఇంట మాటలాడు తెనుగు బడిలో వినబడుట అరుదు. పల్లెలలో దొరలకు వెట్టిచాకిరి చేయువారికి చదువన్నది దూరపు మాట. ఇట్టిచోట తెలుగు పుస్తకములను ప్రకటించుట లాభసాటి వ్యాపారము కాదు. అయినను ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. అచ్చువేయించువాడును, మోసికొనిపోయి అమ్మువాడును తానే. ఒక పుస్తకముపై వచ్చిన సొమ్ము మరియొక పుస్తకమునకు పెట్టుబడి యయ్యెడిది. స్థిరమైన ఉద్యోగము లేదు. నమ్ముకొన్నది కలమును, కాలినడకయు మాత్రమే.

గ్రంథాలయోద్యమమునను, ఆంధ్రమహాసభయందును పాల్గొని ఆయన పలుమారులు చెరసాల పాలయ్యెను. నిజామాబాదు జైలులో కవి దాశరథి ఆయనకు తోడుగా నుండెను. కాగితము దొరకని ఆ చోట దాశరథి పండ్లు తోముకొను బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసెడివాడు. తరువాత ఆ కవి తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమొసగెను. తోడి ఖైదీల బ్రదుకులను ఆళ్వారుస్వామి 'జైలు లోపల' అను కథలలో చిత్రించెను. నేరస్థుడని లోకము త్రోసివేసిన వానిని గూర్చి, 'ఇతడు ఇచ్చటికేల వచ్చెను?' అని అడుగుటయే ఆయన పద్ధతి.

1955లో వెలువడిన 'ప్రజల మనిషి' ఆయన కీర్తికి మూలము. దిమ్మెగూడెమను పల్లె దీనికి రంగస్థలము. దొర రామభూపాలరావు, అతని నెదిరించు కంఠీరవము అందలి ముఖ్యపాత్రలు. భూమి చేజారిన రైతు, వెట్టికి పిలుపురాగానే తన పనిని విడిచి పరుగెత్తు కూలి, గడీ యెదుట తలవంచి నిలుచు జనము ఇందు కన్పట్టుదురు. వారి పలుకులును ఆ సీమ పలుకులే. అంతకుముందు తెలుగు నవలలలో ఆ బ్రదుకులకు దొరికిన చోటు స్వల్పము. కథ కొన్నిచోట్ల ఉపన్యాసముగా మారును, నిజమే. కాని ఆ పల్లెను వ్రాసినవాడు దానిని దూరమునుండి చూచినవాడు కాడు.

ఆ చరిత్రను ముందునకు నడపుచు ఆయన 'గంగు' అను రెండవ నవలను చేపట్టెను. అది ముగియకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల వయసున కన్నుమూసెను. ఆ అసంపూర్ణ నవల 1965లో అచ్చయ్యెను.